క్యాంపస్‌లో పాఠం.. తార్నాకలో లెక్క: మారుతి రెండు దుకాణాల కథ

దేశంలో అన్నిటికన్నా ఎక్కువ కార్లు అమ్మే మారుతి సుజుకి 2025లో తన సరుకును బాగానే అటూ ఇటూ సర్దింది. ఏప్రిల్‌లో సియాజ్ సెడాన్‌కు సెలవు చెప్పింది. సెప్టెంబర్‌లో విక్టోరిస్ అనే కొత్త ఎస్‌యూవీని తెచ్చి, ఖరీదైన కార్ల కోసం పెట్టుకున్న నెక్సా షోరూమ్‌లో కాకుండా మామూలు అరేనా షోరూమ్‌లో నిలబెట్టింది. అదే నెల 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగగానే ఆల్టో కె10, ఎస్-ప్రెసో ధరలను లక్ష రూపాయల పైదాకా తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఎస్-ప్రెసో ప్రారంభ ధర మూడున్నర లక్షలకు, ఆల్టో కె10 ధర 3.70 లక్షలకు వచ్చాయి. ఇవి షోరూమ్ ధరలు. రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేరు.

పేపర్లలో ఇవి మూడు వేర్వేరు వార్తలుగా వచ్చాయి. కలిపి చూస్తే ఒకటే సంగతి. ఏ కారు ఉండాలి, ఏది పోవాలి, ఏది ఏ షోరూమ్‌లో నిలబడాలి అన్నది కంపెనీ మళ్లీ లెక్క వేసుకుంటోంది. ఆ లెక్కలో మొదటి కారు కొనాలనుకుంటున్న మధ్యతరగతి ఇల్లు ఎక్కడుంది? అసలు ప్రశ్న అది.

ఒక దుకాణం రెండు ఎందుకైంది?

ఉస్మానియా క్యాంపస్‌లోని కామర్స్ అండ్ బిజినెస్ మేనేజ్‌మెంట్ కాలేజీలో చదివే పిల్లలకు ఇది కొత్త పాఠం కాదు. కొనేవాళ్లను జేబును బట్టి, కోరికను బట్టి గుంపులుగా విడదీయడాన్ని సెగ్మెంటేషన్ అంటారు. ఒకే కంపెనీ సరుకు ఇంకో సరుకు అమ్మకాన్ని తినేయకుండా మధ్యలో గీత గీయడం ఆ తర్వాతి పాఠం. ఈ రెండు పాఠాలకూ మారుతి కన్నా మంచి ఉదాహరణ మన రోడ్ల మీద ఇంకోటి దొరకదు.

మారుతి ఉద్యోగ్ 1981లో ప్రభుత్వ కంపెనీగా పుట్టింది. జపాన్ సుజుకి చేయి కలిపింది. 1983 డిసెంబర్‌లో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది. తర్వాత వ్యాన్, జిప్సీ, జెన్, వ్యాగన్ఆర్, 2000లో ఆల్టో, 2005లో స్విఫ్ట్ వచ్చాయి. 2002లో సుజుకి చేతికి పెద్ద వాటా వెళ్లింది. 2007లో ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది, కంపెనీ పేరు మారుతి సుజుకి అయింది.

అంతా బాగానే ఉంది కానీ ఒక చిక్కు మిగిలింది. మారుతి అంటే చవక బండి, నమ్మకమైన బండి. పది లక్షలు పెట్టగలిగినవాడు మాత్రం ఆ గుమ్మం ఎక్కడు. 2011లో కిజాషి అనే పెద్ద సెడాన్ తెచ్చారు, జనం పట్టించుకోలేదు. కొన్నేళ్లకే ఆపేశారు. బండిలో లోపం కన్నా బోర్డు మీది పేరే అడ్డమొచ్చింది. ఆల్టో కొనే కుటుంబం, ఖరీదైన కారు కొనే వ్యాపారి ఒకే సోఫాలో కూర్చుని బేరం చేయడం ఆ వ్యాపారికి నచ్చలేదు. మాట చేదుగా ఉన్నా మార్కెటింగ్ లెక్క ఇదే.

అందుకే 2015 జులైలో నెక్సా మొదలైంది. నల్లటి గోడలు, వేరే సిబ్బంది, వేరే మర్యాదలు. మొదట ఎస్-క్రాస్, ఆ తర్వాత బలెనో, ఇగ్నిస్ అక్కడ చేరాయి. 2017లో పాత షోరూమ్‌లకు కూడా కొత్త రంగులేసి అరేనా అని పేరు పెట్టారు. సరుకు తరలించే ఆటో డబ్బాలకు, సూపర్ క్యారీకి ఇంకో దారి. సెకండ్ హ్యాండ్ కార్లకు ట్రూ వాల్యూ. ట్యాక్సీ నడిపేవాళ్లకు టూర్ పేరుతో వేరే వరుస. కంపెనీ ఒకటే, గుమ్మాలు చాలా.

గోడ ఎక్కడుంది, ఎంత మందం?

1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలైనప్పుడు, చదువులను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా పని చేసింది. ఇంగ్లిషు శాస్త్రాల మాటలకు ఇంటి భాషలో మాటలు తయారుచేసింది. ఇవాళ షోరూమ్ భాషకు కూడా అలాంటి తర్జుమా అవసరం. ప్రీమియం, లైఫ్‌స్టైల్, ఎక్స్‌పీరియన్స్ అనే మాటలను ఇంటి లెక్కలోకి దించితే ఎంత మిగులుతుందో చూద్దాం.

ఎర్టిగా, ఎక్స్‌ఎల్6 తీసుకోండి. ఎర్టిగా అరేనాలో దొరుకుతుంది, ఎక్స్‌ఎల్6 నెక్సాలో. రెండింటి అడుగు ఒకటే, 1.5 లీటర్ ఇంజిన్ ఒకటే. ఎర్టిగాలో ఏడుగురు కూర్చుంటారు, ఎక్స్‌ఎల్6లో ఆరుగురే. మధ్య వరుసలో సోఫా లాంటి సీటు తీసేసి రెండు విడి కుర్చీలు వేశారు. ఎక్కువ పైసలు ఇచ్చి ఒక సీటు తక్కువ తెచ్చుకోవడమన్నమాట. అమ్మీ, అబ్బా, నలుగురు పిల్లలతో పాటు నానీ కూడా ఉండే ఇంటికి ఆ ఒక్క సీటే ముఖ్యం.

ఇంకో కిటుకు ఉంది. ఎక్స్‌ఎల్6లో అడుగు వేరియంట్లే ఉండవు, మధ్య స్థాయి నుంచే మొదలవుతాయి. ఎర్టిగాలో కింది నుంచి ఉంటాయి. అందుకే రెండింటి ప్రారంభ ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చాలా పెద్దగా కనిపిస్తుంది. పోల్చాల్సింది ఎర్టిగా పై వేరియంట్‌ను ఎక్స్‌ఎల్6 మొదటి వేరియంట్‌తో. అప్పుడే షోరూమ్ మర్యాదకు ఎంత, బండికి ఎంత ఇస్తున్నామో తేలుతుంది.

భద్రత సంగతికి వస్తే కథ తలకిందులవుతుంది. నెక్సా అంటే పై మెట్టు కాబట్టి గట్టి బండ్లు అక్కడే ఉంటాయని చాలామంది అనుకుంటారు. కానీ మారుతి కార్లలో మొట్టమొదట 5 స్టార్ రేటింగ్ తెచ్చుకున్నది డిజైర్. 2024 నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఇచ్చిన రేటింగ్ అది. డిజైర్ ఉండేది అరేనాలో. నెక్సాలో ఉండే బలెనోకు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 4 స్టార్లు వచ్చాయి. అరేనాకే వచ్చిన విక్టోరిస్‌కు మళ్లీ 5. అంటే బోర్డుకు, బలానికి సంబంధం లేదు.

విక్టోరిస్ రాకతో ఆ గోడకు కంపెనీయే కిటికీ పెట్టుకుంది. నెక్సాలోని గ్రాండ్ విటారా ఏ పునాది మీద నిలబడిందో ఇదీ దాని మీదే నిలబడింది. హైబ్రిడ్ ఉంది, డ్రైవర్‌ను హెచ్చరించే ఆధునిక భద్రతా పరికరాలున్నాయి. పదిన్నర లక్షల దగ్గర మొదలైంది. పదేళ్ల కింద ఇలాంటి బండిని మామూలు షోరూమ్‌లో పెట్టడం మారుతికి ఊహలో కూడా లేదు. ఇప్పుడెందుకు పెట్టింది? అరేనాకు వచ్చేవాడు కూడా ఎస్‌యూవీ అడుగుతున్నాడు, అది అక్కడ లేకపోతే నెక్సాకు వెళ్లడం లేదు. హ్యుందాయ్‌కో, టాటాకో, మహీంద్రాకో వెళ్తున్నాడు. ఒకప్పుడు మార్కెట్‌లో సగానికి పైగా ఉన్న మారుతి వాటా ఇప్పుడు 40 శాతం దరిదాపుల్లో తిరుగుతోంది. 2024లో దేశంలో అత్యధికంగా అమ్ముడైన కారు టాటా పంచ్. దశాబ్దాల పాటు మారుతి కూర్చున్న కుర్చీ అది.

ఇక టయోటా గుమ్మం. సుజుకి, టయోటా 2018లో ఇండియాలో ఒకరి బండ్లు ఒకరికి ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం చేసుకున్నాయి. 2019లో బలెనో టయోటా బ్యాడ్జి తగిలించుకుని గ్లాంజాగా వచ్చింది. ఎర్టిగా రూమియన్ అయింది, ఫ్రాంక్స్ టైజర్ అయింది. ఎదురుగా టయోటా ఇన్నోవా హైక్రాస్ మారుతి దగ్గర ఇన్‌విక్టో అయింది. మొదట్లో గ్లాంజాకు 3 ఏళ్ల వారంటీ, బలెనోకు 2 ఏళ్లదే ఉండేది. ఆ తేడాకు ఒక విలువ ఉండేది. 2024లో మారుతి కూడా 3 ఏళ్లకు పెంచేసింది. ఇప్పుడు రెండింటి మధ్య చూడాల్సింది బేరం, డెలివరీ ఎన్నాళ్లకు, ఇంటికి దగ్గర్లో సర్వీస్ ఎవరిది అన్నవే.

తార్నాక చౌరస్తా చెప్పే చరిత్ర

తార్నాక చౌరస్తా నుంచి ఒక దారి ఉస్మానియా క్యాంపస్‌లోకి పోతుంది, ఒకటి లాలాపేట వైపు, ఇంకోటి హబ్సిగూడ మీదుగా ఉప్పల్‌కు, మరోటి మెట్టుగూడ మీదుగా సికింద్రాబాద్‌కు. మెట్రో పిల్లర్ల కింద సిగ్నల్ దగ్గర ఆగే బండ్లను చూస్తే చాలు, మారుతి తీసేసిన సరుకు ఎంత ఉందో అర్థమవుతుంది.

మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలోనే ఆగింది. ఓమ్ని వ్యాన్ 2019లో ఆగింది. డీజిల్ స్విఫ్ట్, డీజిల్ డిజైర్, డీజిల్ ఎర్టిగా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలతో పాటే పోయాయి. ఎస్-క్రాస్ 2022లో, ఆల్టో 800 2023లో. కంపెనీ లిస్టులో ఇవేవీ లేవు. రోడ్డు మీద మాత్రం ఉన్నాయి, ఎవరో ఒకరి ఇంటిని నడుపుతూనే ఉన్నాయి.

ఓమ్ని సంగతే చూడండి. స్కూల్ పిల్లలను దింపిందీ అదే, పెళ్లి సామాను మోసిందీ అదే, అంబులెన్స్ అయిందీ అదే. గుద్దుకుంటే తట్టుకోవాలనే కొత్త నిబంధనలకు ఆ ముక్కు లేని డబ్బా నిలబడలేదు. అది పోవడం న్యాయమే, పిల్లల ప్రాణం కన్నా చవకతనం ఎక్కువ కాదు. దాని స్థానంలో ఈకో మిగిలింది.

డీజిల్ దెబ్బ వేరేది. క్యాబ్ నడిపేవాళ్లకు డీజిల్ డిజైర్ అంటే రోజు కూలి మిగిల్చే బండి. కంపెనీ ఆపేశాక వాళ్లు సీఎన్‌జీకి మారాల్సి వచ్చింది. డిక్కీలో సిలిండర్ కూర్చుంది, ఎయిర్‌పోర్ట్ ప్రయాణికుడి సూట్‌కేసుకు చోటు పోయింది, బంకు దగ్గర వరుసలో నిలబడే సమయం పెరిగింది. కంపెనీ వరుసలో ఒక గడి ఖాళీ అయితే డ్రైవర్ రోజులో ఒక గంట పోతుంది.

గల్లీ మెకానిక్‌కు కూడా ఈ మార్పులు తగులుతాయి. పాత 800, ఆల్టో ఇంజిన్లు చేతి పనితో బాగయ్యేవి. కొత్త బండ్లకు ల్యాప్‌టాప్, స్కానర్ కావాలి. హైబ్రిడ్ బండికి ప్రత్యేక శిక్షణ కావాలి. మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఈ పనిలోనే ఉన్నారు. ఉస్తాద్ దగ్గర పదేళ్లు పనిచేసి నేర్చుకున్న విద్యకు పక్కన ఒక సర్టిఫికెట్ కోర్సు కూడా చేర్చుకోకపోతే, ఇంకో పదేళ్లలో తీసేసిన మోడళ్లే వాళ్ల చేతికి మిగులుతాయి.

కింది మెట్టు ఎందుకు విరిగింది?

2012లో ఆల్టో 800 వచ్చినప్పుడు ధర 2.44 లక్షల దగ్గర మొదలైంది. 2025 మధ్యకు వచ్చేసరికి ఆల్టో కె10 మొదటి వేరియంట్ 4.23 లక్షలు. జీఎస్టీ తగ్గాక 3.70 లక్షలు.

ధర పెరగడానికి కారణాలు ఒక్క కంపెనీ మీద వేసేవి కావు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలని వచ్చింది. 2019లో ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి, తర్వాత ముందు సీటులో కూర్చునేవాళ్లకు కూడా. 2020లో బీఎస్-6. ఇవన్నీ మంచివే. కానీ పాతిక లక్షల బండికి యాభై వేలు పెరిగితే తెలియదు, మూడు లక్షల బండికి యాభై వేలు పెరిగితే కొనేవాడు మళ్లీ స్కూటర్ దగ్గరికి పోతాడు. చిన్న కార్లు సామాన్యుడికి అందకుండా పోతున్నాయని మారుతి ఛైర్మన్ ఆర్.సి. భార్గవ చాలాసార్లు అన్నారు.

అంకెలు కూడా అదే చెబుతున్నాయి. 2010-11లో ఆల్టో ఒక్కటే దేశంలో 3 లక్షలకు పైగా అమ్ముడైంది. 2024-25లో ఆల్టో, ఎస్-ప్రెసో రెండూ కలిపినా సుమారు 1.25 లక్షలే.

కంపెనీ వైపు నుంచి చూస్తే, అమ్ముడుపోని కింది మెట్టును సరిచేయడం కన్నా పై అంతస్తులో కొత్త గదులు కట్టడమే లాభం. చిన్న బండి మీద మిగిలేది తక్కువ, ఎస్‌యూవీ మీద మిగిలేది ఎక్కువ. పదేళ్లుగా కొత్త మోడళ్లలో ఎక్కువ భాగం పై అంతస్తులోనే వచ్చాయి. కింది మెట్టుకు మళ్లీ ప్రాణం పోసింది 2025 పన్ను తగ్గింపే.

ఆ పన్నులో కూడా ఒక మెలిక ఉంది. పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటకుండా ఉంటేనే 18 శాతం. దాటితే 40 శాతం. దాంతో ఏడుగురు కూర్చునే ఎర్టిగా, ఏ షోకూ లేని కుటుంబ బండి అయినా, 40 శాతం గడిలోకే వస్తుంది. అంతకు ముందు సెస్సుతో కలిపి ఇంకా ఎక్కువే ఉండేది, కాబట్టి కొంత తగ్గిన మాట నిజం. కానీ పెద్ద కుటుంబానికి 18 శాతం గడిలో మారుతి దగ్గర మిగిలింది ఈకో ఒక్కటే. పెద్ద బండి అంటే పెద్ద ఆస్తి అని చట్టం అనుకుంటోంది. పెద్ద బండి అంటే పెద్ద కుటుంబం కూడా కావచ్చు.

కిస్తీ ఇల్లు, నగదు ఇల్లు

ఈ మార్పుల భారం అందరి మీదా ఒకేలా పడదు. పెద్దగా ఎవరూ మాట్లాడని విషయం ఇదే.

బ్యాంకు లోన్‌తో కొనేవాళ్లకు బండి ధర లక్ష పెరిగితే ఏమవుతుంది? 9 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే ఆ లక్షకు నెలకు సుమారు 1,609 రూపాయల కిస్తీ పడుతుంది. షోరూమ్‌లో సేల్స్‌మన్ చెప్పేది ఆ అంకెనే. 'సార్, నెలకు పదహారు వందలే కదా, పై మోడల్ తీసుకోండి.' ఏడేళ్లలో ఆ లక్షకు కట్టేది 1.35 లక్షలని మాత్రం చెప్పడు. అయినా ఆ ఇల్లు ఆ రోజే బండి ఎక్కుతుంది.

వడ్డీ వద్దనుకుని నగదు పోగుచేసుకునే ఇల్లు వేరు. మన దగ్గర అలాంటి ఇళ్లు తక్కువేమీ కాదు. నెలకు 8,000 పక్కన పెట్టగలిగే కుటుంబానికి ధర లక్ష పెరిగిందంటే పన్నెండున్నర నెలలు ఎక్కువ ఆగాలి. ఆ ఏడాదిలో మళ్లీ ఏ నిబంధనో వచ్చి ధర ఇంకో మెట్టు ఎక్కుతుంది. జిద్దా నుంచో దుబాయ్ నుంచో కొడుకు పంపే పైసల్లో బండి వంతు చివరిది, దాని ముందు ఫీజులు, అద్దె, చెల్లెలి నిఖా ఉంటాయి. ఈ ఇళ్లు కొత్త బండిని వదిలేసి సెకండ్ హ్యాండ్ బజారుకు పోతాయి.

అంటే కంపెనీలు కింది మెట్టు బండ్లు తగ్గించి ఖరీదైనవి పెంచగలిగాయంటే, దాని వెనక ఉన్నది కిస్తీ. ధర పెంపు కిస్తీలో కరిగిపోతుంది కాబట్టి జనం గొడవ చేయరు. నగదు ఇంటికి ఆ మత్తు లేదు. ప్రతి రూపాయి కళ్లముందే ఉంటుంది.

దీనికి రెండో దెబ్బ కూడా ఉంది. కొత్తగా చవక బండ్లు తక్కువ అమ్ముడైతే, అయిదారేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చే చవక బండ్లూ తక్కువే. 2020 తర్వాత ఆల్టోలు తక్కువ అమ్ముడయ్యాయంటే, ఆ ఏళ్ల పాత ఆల్టో కోసం ఇప్పుడు పోటీ ఎక్కువన్న మాట. షోరూమ్ లిస్టులో జరిగిన మార్పు షోరూమ్ మెట్లే ఎక్కని ఇంటిదాకా ఇలా వస్తుంది.

జహీరాబాద్ నుంచి డెట్రాయిట్ దాకా

ఇలాంటి సర్దుబాట్లు మన రాష్ట్రానికి కొత్త కాదు. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు, పుష్పక్ స్కూటర్లు చేసింది. ఎనభైలలో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు మొదలుపెట్టింది. తర్వాత అది మహీంద్రా చేతికి పోయింది. ఆల్విన్ నిస్సాన్ పేరు పోయింది, జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ మాత్రం ఇవాళ్టికీ నడుస్తోంది. బ్రాండ్ చచ్చిపోయినా పని బతకొచ్చు అనడానికి మన ఇంటి ఉదాహరణ అది.

అమెరికాలో జనరల్ మోటార్స్ కథ దీనికి ఎదురు. ఒకే కంపెనీ కింద బ్రాండ్లు ఎక్కువైపోయాయి. ఒక బ్రాండ్ బండికి ఇంకో బ్రాండ్ బండికి ముక్కు తప్ప తేడా లేకుండా పోయింది. 2009 జూన్‌లో దివాలా పిటిషన్ వేశాక పోంటియాక్, సాటర్న్, హమ్మర్, సాబ్‌లను వదిలించుకుని షెవర్లే, బ్యూక్, క్యాడిలాక్, జీఎంసీ ఉంచుకుంది. అదే కంపెనీ 2017లో ఇండియాలో షెవర్లే అమ్మకాలు కూడా ఆపేసింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతామంది. 2022లో నిస్సాన్ తన చవక బ్రాండ్ డాట్సన్‌ను మూసేసింది. చవకగా వస్తుందని డాట్సన్ కొన్న ఇళ్లు ఇప్పుడు బ్రాండే లేని బండికి యజమానులు.

మారుతి జీఎంలా తప్పు చేయలేదు. పేరు ఒకటే ఉంచి గుమ్మాలు పెంచింది. కానీ ఎర్టిగా, ఎక్స్‌ఎల్6, రూమియన్ అని ఒకే బండి మూడు పేర్లతో తిరుగుతుంటే, విక్టోరిస్, గ్రాండ్ విటారా రెండు గుమ్మాల్లో ఎదురెదురుగా నిలబడితే, జీఎం నడిచిన దారి మరీ దూరంలో లేదు. సియాజ్ పాఠం కూడా గుర్తుంచుకోవాలి. 2014లో మామూలు షోరూమ్‌లో వచ్చింది, 2017లో నెక్సాకు మార్చారు, అయినా 2025లో ఆపేయాల్సి వచ్చింది. అడిగేవాళ్లు తగ్గిన సరుకును పై అల్మారాలో పెట్టినా అమ్ముడుపోదు.

కొనే ముందు ఇంటి లెక్క

కంపెనీ ఎలా సర్దుకున్నా, ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, ముందు సీట్లు లెక్కపెట్టండి, తర్వాత గుమ్మం ఎంచుకోండి. ఒకే బండి ఎన్ని పేర్లతో వస్తోందో అడగండి. బలెనో చూస్తే గ్లాంజా కూడా చూడండి, ఎర్టిగా చూస్తే రూమియన్ కూడా. రెండు చోట్లా ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి.

రెండు, షోరూమ్ ధర కాదు, ఆన్‌రోడ్ ధర చూడండి. తెలంగాణలో కారు ధర పెరిగేకొద్దీ లైఫ్ ట్యాక్స్ శాతం కూడా పెరుగుతుంది. అయిదు లక్షల గీత, పది లక్షల గీత దాటే వేరియంట్ అయితే, ఆ గీత దాటినందుకు ఎంత అదనంగా పడుతోందో విడిగా అడగండి.

మూడు, స్టార్ రేటింగ్ అడిగేటప్పుడు ఏ సంవత్సరం బండిది, ఎన్ని ఎయిర్‌బ్యాగులున్న బండిది అని కూడా అడగండి. ఆల్టో కె10, వ్యాగన్ఆర్, సెలెరియోల్లో 2025 నుంచి 6 ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు. 2023లో పరీక్షించిన ఆల్టో కె10కు 2 స్టార్లు, వ్యాగన్ఆర్‌కు 1 స్టార్ వచ్చాయి. ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన బాడీ గట్టిపడదు. సెకండ్ హ్యాండ్‌లో 2024 బండి కొంటే ఆ ఆరు ఎయిర్‌బ్యాగులు కూడా ఉండవు. ఏడాది తేడాతో ధర తక్కువ అంటే ఎందుకు తక్కువో తెలుసుకోవాలి.

నాలుగు, ఆపేసిన మోడల్ కొనడం తప్పు కాదు. మారుతి లాంటి కంపెనీ ఆపేసిన స్విఫ్ట్ డీజిల్‌కు, పాత ఆల్టోకు పార్టులు గల్లీలో కూడా దొరుకుతాయి. దేశం వదిలి వెళ్లిన కంపెనీ బండి అయితే కొనే ముందే మీ మెకానిక్‌ను తీసుకెళ్లి, లైట్, బంపర్, క్లచ్ ప్లేట్ ఎక్కడ దొరుకుతాయో, ఎంత పడుతుందో తెలుసుకోండి. అది కొన్న తర్వాత వేసుకునే లెక్క కాదు.

అయిదు, తెల్ల ప్లేటు చూసి మురిసిపోవద్దు. క్యాబ్‌గా నడిచి సొంత బండిగా మారినవి కూడా బజారులో ఉంటాయి. ఆర్‌సీలో చరిత్ర, సర్వీస్ రికార్డులో కిలోమీటర్లు చూడండి. టూర్ వరుస బండి అయితే మొదటి నుంచే ట్యాక్సీ కోసం కట్టిందని అర్థం.

ఇక ముందు చూడాల్సింది

పన్ను తగ్గినప్పుడు కంపెనీలు ధర తగ్గించాయి. అది పండగ సీజన్. తగ్గింపులో కొంత పన్నుది, కొంత కంపెనీ తనంతట తాను ఇచ్చింది. పన్ను తగ్గింపు నిలుస్తుంది, కంపెనీ ఇచ్చింది ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి చూడాల్సింది ఒకటే. నాలుగు లక్షల లోపు కొత్త కారు అరేనాలో ఎన్నాళ్లు ఉంటుంది? ఆ గడిలో కొత్త మోడల్ ఏదైనా వస్తుందా, లేక ఉన్నవే అరిగిపోయేదాకా నడిపి ఒక రోజు నిశ్శబ్దంగా లిస్టులోంచి తీసేస్తారా?

కంపెనీకి ఇది వరుసలో ఒక గడి. స్కూటర్ మీద నలుగురు కూర్చుని వానలో పోయే ఇంటికి అదే మొదటి మెట్టు. ఆ మెట్టు ఉండాలంటే అది అమ్ముడవ్వాలి, అమ్ముడవ్వాలంటే అందాలి. పన్ను వేసే ప్రభుత్వం, బండి చేసే కంపెనీ ఇద్దరూ ఈ లెక్క వేసుకుంటేనే రెండు దుకాణాల కథలో సామాన్యుడికి కూడా ఒక గుమ్మం మిగులుతుంది.